కడపకీ గన్నవరానికీ మధ్య ఫాసలా

విజయవాడ నుంచి కడప ఎంత దూరం అని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పలేను. ఎట్లా పోతారు, ఏ రోజు పోతారు అని ఎదురు అడుగుతాను. ఇరవై రెండేళ్ళుగా ఈ రెండూళ్ళ మధ్య తిరుగుతూనే ఉన్నాను. పుట్టిల్లు కడప ఆల్మాస్‌పేట. అత్తిల్లు బెజవాడ వించిపేట. నికా అయిన నాటి నుంచి నా ఫికర్‌లో సగం ఈ సఫర్ గురించే.

రైలులో పోతే అది 500 కిలోమీటర్ల పైమాట. కడప ఉన్నది ముంబయి–చెన్నై లైను మీద. బెజవాడ ఉన్నది సముద్రం పక్క లైను మీద. ఈ లైను నుంచి ఆ లైనుకి మారాలంటే ముందు బెజవాడ నుంచి తెనాలి, చీరాల, ఒంగోలు, నెల్లూరు మీదుగా గూడూరు దాకా దిగాలి. అక్కడి నుంచి రేణిగుంట వైపు తిరిగి మళ్ళీ పైకి, రాజంపేట మీదుగా కడప ఎక్కాలి. పలక మీద పిల్లలు టిక్కు పెట్టినట్టు ఉంటుంది ఆ దారి. పది గంటలు దాటిపోతుంది. రోడ్డు మీద పోతే ఒంగోలు, పొదిలి, కనిగిరి, బద్వేలు మీదుగా సుమారు 370. డ్రైవరు నెల్లూరు చుట్టి పోయే రకం అయితే ఇంకో యాభై అరవై కలుపుకోండి. రాత్రి బస్సెక్కితే ఎనిమిది, తొమ్మిది గంటలు.

ఇక గాలిలో ఎంత?

ఇది నాకు మా పెద్దోడు చెప్పాడు. వాడు ఇంటర్ ఎంపీసీ చదివే రోజుల్లో ఒక సాయంత్రం రఫ్ నోటు పట్టుకుని నా పక్కన కూర్చుని, “అమ్మీ, నానీ ఇంటికి సీదా గీత గీస్తే ఎంతో తెలుసా?” అన్నాడు. ఫోనులో రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశాలు, రేఖాంశాలు చూసుకున్నాడు. కడప ఎయిర్‌పోర్టు ఉన్నది ఉత్తరానికి 14న్నర డిగ్రీలు, తూర్పుకి 78 ముప్పావు. గన్నవరం ఉత్తరానికి 16న్నర, తూర్పుకి 80 ముప్పావు. దశాంశాలు కొంచెం అటూ ఇటూ ఉన్నాయి గానీ లెక్క చూడండి ఎంత సాఫ్‌గా ఉందో. పైకి రెండు డిగ్రీలు, పక్కకి రెండు డిగ్రీలు. ఎవరో కావాలని పెట్టినట్టు.

పైకి ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లట. రెండింటికి 222. పక్కకి వచ్చే డిగ్రీ మాత్రం అంత ఉండదు. రేఖాంశాలన్నీ ధ్రువాల దగ్గర ఒకచోట కలుస్తాయి కాబట్టి భూమధ్యరేఖ నుంచి పైకి వచ్చే కొద్దీ వాటి మధ్య ఎడం తగ్గుతుంది. మన దగ్గర 107 చొప్పున రెండింటికి 214. ఈ రెండూ మూలమట్టంగా ఉన్న భుజాలు. మనకు కావలసింది కర్ణం. పదో తరగతిలో నేను కూడా చదువుకున్నదే అది. ఎందుకూ పనికిరాదనుకున్న ఆ సూత్రం వించిపేటలో మా వంటింటి గడప మీద కూర్చుంటే మా అమ్మీ ఇంటికి దారి చూపించింది. 310 కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూ.

ఒకే రెండూళ్ళు. రైలుకి 500, రోడ్డుకి 370, గాలికి 310. వాడు ఫోను మ్యాపు మీద ఆ గీత కూడా గీసి చూపించాడు. మంగళగిరి, తెనాలి మధ్య నుంచి దిగి, ఒంగోలుకి కొంచెం పడమరగా పోయి, పామూరు పక్క నుంచి వెలిగొండలు దాటి, బద్వేలు పైగా, పెన్నా మీదుగా కడప. ఈ పేర్లన్నీ నాకు బస్సు కిటికీలోంచి తెలిసిన పేర్లే. ఒక్కో ఊర్లో ఒక్కో టీ తాగిన యాది ఉంది.

తర్వాత వాడు ఇంకో లెక్క వేసి తికమక పడ్డాడు. ఈ దారిలో తిరిగే విమానం ఏటీఆర్ 72. పంఖాల విమానం. గంటకు సుమారు 500 కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన 310 కిలోమీటర్లకి 37, 38 నిమిషాలు చాలు. మరి టికెట్ మీద గంటా పది నిమిషాలని ఎందుకు రాస్తారు? అరగంట ఎక్కడ పోయింది?

ఆ అరగంట ఎక్కడికీ పోదు. టైంటేబుల్‌లో రాసేది విమానం గాలిలో ఉన్న టైం ఒక్కటే అయితే వాడి లెక్క సరిగ్గానే వచ్చేది. వాళ్ళు రాసేది చక్రాల కింద పెట్టిన అడ్డుకట్టలు తీసిన నిమిషం నుంచి, దిగిన చోట మళ్ళీ ఆ అడ్డుకట్టలు పెట్టిన నిమిషం దాకా. విమానం రన్‌వే కొసకి మెల్లగా నడిచిపోవాలి. అనుమతి కోసం నిలబడాలి. లేచేటప్పుడు గాలికి ఎదురుగా లేవాలి కాబట్టి ఒక్కోసారి మనం పోవలసిన దిక్కుకి ఉల్టా లేచి తిరిగి రావాలి. ఎక్కేటప్పుడు పూర్తి వేగం ఉండదు, దిగేటప్పుడు ఉండదు. దిగే ముందు రన్‌వే వరసకి రావడానికి ఒక చుట్టు తిరగాలి. ఇవి కాక కంపెనీవాళ్ళు చేతిలో కొన్ని నిమిషాలు అదనంగా ఉంచుకుంటారు, ఆలస్యం అయినా టైముకే వచ్చామని చెప్పుకోవడానికి. దూరం చిన్నదయ్యే కొద్దీ ఈ అటూఇటూ తిరుగుడు వాటా పెరుగుతుంది. ఢిల్లీ పోయేవాళ్ళకి అరగంట లెక్కలోకి రాదు. కడప పోయేదానికి సఫర్‌లో సగం దాకా అదే.

ఇంకా నా లెక్క ఉంది, అది ఏ టికెట్ మీదా ఉండదు. వించిపేట నుంచి గన్నవరం ఇరవై కిలోమీటర్ల పైన. బెంజి సర్కిల్, రామవరప్పాడు రింగు దాటి పోవాలి కాబట్టి ముప్పావుగంట, పొద్దున పూట అయితే గంట. కౌంటరు మూసేలోపు చేరాలి కాబట్టి గంటన్నర ముందే అక్కడ ఉండాలి. తర్వాత ఆ గంటా పది. దిగాక సామాను, ఆటో, ఊర్లోకి పది పన్నెండు కిలోమీటర్లు. మా గడప నుంచి అమ్మీ గడపకి నాలుగున్నర గంటలు. వీటిలో గాలిలో ఉండేది నలభై, నలభై అయిదు నిమిషాలు.

అయినా ఎనిమిది గంటల కన్నా నాలుగున్నర సగానికి దగ్గర. ఆ సగం విలువ ఎంతో ముందు ముందు చెప్తాను.

మన పాతవాళ్ళు దూరాన్ని టైముతోనే కొలిచినారు. మజిలీ అనే మాట తెలుగువాళ్ళందరూ వాడతారు. కాశీమజిలీ కథలు వినని ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. అది మన మంజిల్. అరబ్బీ నుంచి ఫార్సీ, ఉర్దూ మీదుగా వచ్చి తెలుగులో మజిలీ అయింది. ముసాఫిర్ సామాను దించి రాత్రి పడుకునే చోటు. ఒక మజిలీ అంటే ఒక రోజు నడక. నేల మెత్తగా ఉంటే మజిలీ పొడుగు, కొండలుంటే పొట్టి. అంటే అప్పుడే వాళ్ళకు తెలుసు, దూరమనేది నేల మీద గీత కాదు, ఎవరు ఎట్లా పోతున్నారన్నదే లెక్క అని. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి మా కడప మీదుగానే పోయినాడు. బోయీలు మోసే పల్లకీలో పోతూ ఆమడల లెక్కన దారి రాసుకున్నాడు. తిరిగి మద్రాసు చేరింది 1831 సెప్టెంబరులో. ఆయన వెనక ఇంట్లో ఎవరికన్నా ఏమన్నా అయి ఉంటే కబురు ఎన్నాళ్ళకు చేరేదో ఆలోచించండి. ఇప్పుడు కబురు ఒక్క సెకనులో వస్తుంది. మనిషి చేరడానికే టైం పడుతుంది. అసలు తకలీఫ్ అక్కడే మొదలైంది.

మనలో మైయ్యత్‌ను ఎక్కువసేపు ఉంచరు. తెల్లారుజామున పోతే జొహర్ తర్వాత, మధ్యాహ్నం పోతే మగ్రిబ్‌కో ఇషాకో. దూరాన ఉన్న సొంతవాళ్ళ కోసం కొన్ని గంటలు ఇంతెజార్ చేస్తారు. అంతకు మించి అడగటానికి మనకే నోరు రాదు. అంటే దూరాన ఉన్న ఔలాద్‌కి ఉండేది ఆరు గంటలు, ఏడు గంటలు. బెజవాడ నుంచి కడపకి ఎనిమిది గంటలు అన్నప్పుడు ఆ ఒకటి రెండు గంటల తేడాలోనే ఆఖరీ దీదార్ ఉందో లేదో తేలిపోతుంది.

ఆడపిల్లకి ఇంకా తక్కువ. మగపిల్లలు ఆలస్యంగా వచ్చినా సీదా ఖబరస్తాన్‌కి పోతారు. నమాజ్ అందకపోయినా మూడు పిడికిళ్ళ మట్టి వేస్తారు. మా మొహల్లాలో ఆడవాళ్ళు ఖబరస్తాన్‌కి పోరు. మాకు హద్దు గడప. జనాజా గడప దాటిందంటే మాకు అయిపోయినట్టే. అందుకే అంటున్నాను, ఒకే ఊరికి అన్నకి ఒక దూరం, చెల్లెలికి ఒక దూరం.

మా నానీ 2009లో పోయింది. రాత్రి రెండింటికి ఫోను వచ్చింది. అప్పుడు కడపకి విమానం లేదు. ఆ టైముకి బస్సు లేదు. పొద్దున ఆరింటికి ఒంగోలు బస్సెక్కి, అక్కడ దిగి ఇంకోటి పట్టుకుని, కనిగిరిలో ఇంకోటి మారి, చంకలో ఏడాదిన్నర పిల్లోడితో పోతా ఉన్నాము. ఇంట్లో జొహర్ తర్వాత అనుకున్నారు, నా కోసమని ఇంకో గంట జరిపినారు. బద్వేలు బస్టాండులో ఫోను మోగింది. అమ్మీ. “లేపినారు బేటీ. ఆరామ్ సే ఆవ్, దౌడ్‌కో నక్కో ఆవ్,” అంది. నిదానంగా రా బిడ్డా, ఇంక పరుగెత్తొద్దు అని. అప్పటిదాకా డ్రైవరును తొందరపెట్టమని మా ఆయన్ని సతాయిస్తూనే ఉన్నాను. ఆ ఫోను తర్వాత కిటికీలోంచి లంకమల కొండలు చూస్తూ ఊరికే కూర్చున్నాను. కడప ఇంకా గంటన్నర ఉంది. ఆ గంటన్నర ఇప్పటిదాకా నేను చేసిన సఫర్లలో అన్నింటికన్నా పొడుగు.

నేను పోయేసరికి ఇల్లు కడిగేసి ఉంది. నానీ పడుకునే నులక మంచాన్ని గోడకి నిలబెట్టినారు. బెంగళూరు నుంచి వచ్చిన మామూ నాకన్నా పావుగంట ముందు దిగి సీదా ఖబరస్తాన్‌కి పోయి మట్టి వేసి వచ్చినాడు. ఆయన చేతుల మీద ఇంకా ఆ ఎర్ర మట్టి ఉంది. నేను ఆయన చేతులు పట్టుకుని ఏడ్చినాను. అది తప్ప పట్టుకోవడానికి ఇంకేమీ లేదు.

దీని తర్వాతనే కడప ఎయిర్‌పోర్టు గురించి వార్త ఎక్కడ కనబడినా చదవడం అలవాటైంది నాకు. ఎన్నో ఏళ్ళు ఖాళీగా పడి ఉన్న మా ఏరోడ్రమ్‌ని బాగుచేసి 2015 జూన్‌లో తెరిచినారు. ఎయిర్ పెగాసస్ అనే కంపెనీ బెంగళూరు నుంచి నడిపింది. ఏడాది తిరిగేసరికి, 2016లో, ఆ కంపెనీ విమానాలే ఆగిపోయినాయి. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ స్కీము విమానాలు మొదలైనాయి. ఆ రోజు సిమ్లా–ఢిల్లీతో పాటు మొదలుపెట్టిన రెండు దారుల్లో ఒకటి కడప–హైదరాబాద్, ఇంకోటి నాందేడ్–హైదరాబాద్. ట్రూజెట్ నడిపింది. టీవీలో కడప పేరు చెప్తుంటే అబ్బా ఫోను చేసి, “మన ఊరి పేరు ఢిల్లీలో పిలిచినారు,” అన్నాడు. తర్వాత బెజవాడకీ విమానం వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ ఆగిపోయింది. అదే ఏడాది ఇండిగో వచ్చింది.

ఉడాన్ అంటే ఎగరడమని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. స్కీము మొదలైనప్పుడు పెట్టిన లెక్క ఏమిటంటే, గంట ప్రయాణానికి, అంటే సుమారు 500 కిలోమీటర్లకి, కొన్ని సీట్లకు 2,500 రూపాయలు మించకూడదు. మిగిలిన నష్టాన్ని మూడేళ్ళ దాకా సర్కారు పూడుస్తుంది. నష్టం ఎందుకంటారేమో. విమానానికి ఖర్చు ఎక్కువయ్యేది లేచేటప్పుడూ దిగేటప్పుడూ. దారి ఎంత చిన్నదైనా ఒకసారి లేవాలి, ఒకసారి దిగాలి. 310 కిలోమీటర్ల మీద ఆ ఖర్చు రాబట్టాలంటే టికెట్ ధర బస్సు కన్నా ఎన్నో రెట్లు పెట్టాలి. అంత పెడితే కడపలో ఎక్కేవాళ్ళు ఎందరు? డెబ్భై పై సీట్లు రోజూ నింపేంత జనం లేరు కాబట్టి వారంలో కొన్ని రోజులే నడుపుతారు. అదే విమానం పొద్దున ఒక ఊరు, తర్వాత కడప, తర్వాత బెజవాడ అని గొలుసులాగా తిరుగుతుంది. మొదటి ఊర్లో పొగమంచు పట్టి అరగంట ఆగితే, ఆ అరగంట గొలుసు పట్టుకుని మన దాకా వస్తుంది. మన ఊర్లో ఎండ కాస్తూ ఉంటుంది, విమానం మాత్రం రాదు. పెద్ద ఎయిర్‌పోర్టులో ఒకటి పోతే సాయంత్రం ఇంకోటి ఉంటుంది. మనకు ఇంకోటి అంటే ఎల్లుండి.

నేను దీనికి ఎవరినీ తిట్టను. లెక్క లెక్కే. కానీ గంటా పది నిమిషాలు అని ఎవరైనా గొప్పగా చెప్తే మాత్రం, ఏ రోజు సంగతి చెప్తున్నారు అని అడుగుతాను. విమానం లేని రోజున అదే కడప మళ్ళీ 2009లోకి పోతుంది.

అబ్బా ఒక్కసారే ఎక్కినాడు ఆ విమానం. మా చిన్నోడి బిస్మిల్లాకి బెజవాడ వచ్చినప్పుడు. ఏటీఆర్‌కి వెనక వైపు నుంచి ఎక్కాలి. రెక్కలు పైన ఉంటాయి కాబట్టి ఏ కిటికీలోంచి చూసినా నేల కనబడుతుంది. గన్నవరంలో దిగి నడుచుకుంటూ వచ్చి మొదటి మాట, “బస్సు లెక్కనే ఉంది బేటీ, పైన పంఖా పెట్టినారు అంతే.” రెండో మాట, “కనిగిరిలో టీకి ఆపలేదు.” ఆ హాల్లో నేనూ మా ఆయనా ఎంత నవ్వినామో.

ఆ అబ్బా పోయింది ఒక శీతాకాలం, ఫజర్ అయినాక. తమ్ముడు ఫోను చేసినాడు. వాడి మాట పూర్తి కాకముందే నా బుర్రలో ఈ రోజు ఏ రోజు అనే ఆలోచన వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది. విమానం ఉన్న రోజే. పెద్దోడు వెంటనే ఫోనులో చూస్తే రెండే సీట్లు ఉన్నాయి, మామూలు ధరకి మూడింతల మీద. మా ఆయన చిన్నోడిని తీసుకుని కారులో బయలుదేరినాడు. నేనూ పెద్దోడూ గన్నవరం పోయినాము.

జొహర్ తర్వాత అని ఇంట్లో అనుకున్నారు. మామూలుగా అయితే అందుతాను. గన్నవరంలో కూర్చున్నాక బోర్డు మీద టైం మారింది. నలభై నిమిషాలు ఆలస్యం. అదే గొలుసు. పెద్దోడు నా ముఖం చూసి రఫ్ నోటు లేకుండానే లెక్క వేసినాడు. “అమ్మీ, ఎక్కితే గాలిలో నలభై నిమిషాలే. వాళ్ళ దగ్గర చేతిలో ఉంచుకున్న నిమిషాలు ఉంటాయి కదా, కొన్ని కలిసొస్తాయి,” అన్నాడు. వాడికి పదిహేడేళ్ళు. నన్ను సముదాయించడానికి వాడి దగ్గర ఉన్నది అదొక్కటే, లెక్క.

అక్కడ కడపలో ఏం జరిగిందో తర్వాత చెప్పినారు. తమ్ముడు ఫ్రీజర్ పెట్టె తెప్పించినాడు. పెద్దవాళ్ళలో ఒకాయన వద్దన్నాడు. మైయ్యత్‌ను తొందరగా సాగనంపాలి, మన స్వార్థానికి ఆపకూడదు అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. నేను ఆ ఇంట్లో ఉండి ఇంకెవరి కూతురో రావలసి ఉంటే నేనూ అదే అనేదాన్నేమో. తమ్ముడు ఆయనతో వాదించలేదట. పైకి చూపించి ఒకటే మాట అన్నాడట. “ఆపా హవాలో ఉంది.” అక్క గాలిలో ఉంది అని. దాని తర్వాత ఎవరూ ఏమీ అనలేదట. బస్సులో ఉంది అంటే ఎక్కడ ఉందో, ఎప్పుడొస్తుందో అని అడుగుతారు. గాలిలో ఉన్న మనిషిని ఏమడుగుతారు? ఫోను కూడా పోదు.

విమానంలో నేను కిటికీ పక్కన కూర్చున్నాను. వెలిగొండలు వచ్చినాయి. ఒక చెరువు మెరిసింది, బద్వేలుదే అనుకుంటా. 2009లో ఆ కిందనే, ఆ బస్టాండులోనే నాకు ఫోను వచ్చింది. ఇప్పుడు దాని పై నుంచి పోతున్నాను, నా ఫోను ఆగిపోయి ఉంది, ఎవరూ నాకు ఏమీ చెప్పలేరు. ఆ కాసేపు నాకు దువాలో మాటలు కూడా రాలేదు. పెన్నా ఇసుక కనబడగానే పెద్దోడు నా చెయ్యి నొక్కినాడు.

ఇంటికి చేరేసరికి జొహర్ నమాజ్ అయి జనం వాకిట్లోకి వస్తున్నారు. గుసుల్ అయిపోయింది, కఫన్ తొడిగినారు. ముఖం మాత్రం కప్పకుండా ఉంచినారు. తమ్ముడు జనాన్ని పక్కకి జరిపి నన్ను లోపలికి పంపినాడు. ఇరవై నిమిషాలు ఉన్నాను అబ్బా దగ్గర. గడ్డం దువ్వి ఉంది, అత్తరు వాసన. నుదురు చల్లగా ఉంది. ఇంతకు మించి రాయను.

మా ఆయన కారులో అసర్ దాటినాక వచ్చినాడు. నేరుగా ఖబరస్తాన్‌కి పోయి, ఆరిపోయిన మట్టి మీద నీళ్ళు చల్లి వచ్చినాడు. ఇద్దరం ఒకే ఇంటి నుంచి ఒకే పొద్దున బయలుదేరినవాళ్ళం.

తర్వాత నాలుగు నెలల పది రోజులు అమ్మీ ఇద్దత్‌లో ఉంది. ఆమె గడప దాటదు కాబట్టి నేనే పోయి వచ్చేదాన్ని, ఎక్కువసార్లు రాత్రి బస్సులోనే. అన్నిసార్లు విమానం ఎక్కే స్తోమత మాకు లేదు. విమానం నాకు రోజువారీ బండి కాదు, ఇంట్లో బీరువాలో దాచిన బంగారం లాంటిది. అవసరం వచ్చిన రోజు చెయ్యి పెడితే అందాలి. కష్టం ఏమిటంటే, నాలాంటి వాళ్ళు ఎక్కకపోతే సీట్లు ఖాళీ. సీట్లు ఖాళీ అయితే రోజులు తగ్గిస్తారు. రోజులు తగ్గితే అవసరం వచ్చిన రోజున విమానం ఉండదు. దీనికి నా దగ్గర దవా లేదు. బెంగళూరు–విజయవాడ ఎక్స్‌ప్రెస్‌వే పని మా జిల్లాలో నడుస్తోంది. అది అయితే రోడ్డు దారి తగ్గుతుంది, తారీఖు చూసుకోకుండా ఏ రాత్రి అయినా కారెక్కి పోవచ్చు. నాకు దాని మీదే ఎక్కువ ఆశ.

అమ్మీని బెజవాడ రమ్మంటే రాదు. తమ్ముడు కువైట్ పోయినాడు. ఇంట్లో భాభీ, పిల్లలు, అమ్మీ. పోయిన రంజాన్‌లో ఇఫ్తార్ అయినాక గిన్నెలు కడుగుతుంటే పక్కన పీట మీద కూర్చుని, “నీ విమానం ఏఏ రోజుల్లో ఉంది?” అని అడిగింది. చెప్పినాను. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, “సరే, ఆ రోజుల్లోనే చూసుకుంటాలే,” అంది. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చింది. ఆమె నవ్వుతూ ఉంది. “కువైట్ నుంచి తమ్ముడికి ఎట్లాగూ అందదు. నువ్వన్నా ఉండొద్దా?” అంది.

విమానాల టైంటేబుల్ ఏడాదికి రెండుసార్లు మారుతుంది. మార్చి ఆఖరి ఆదివారం ఎండాకాలపుది మొదలవుతుంది, అక్టోబరు ఆఖరి ఆదివారం చలికాలపుది. ఇప్పుడు మా ఇంట్లో ఈ రెండు తారీఖులు అందరికీ కంఠతా వచ్చు. కొత్తది రాగానే పెద్దోడు చూసి నాకు చెప్తాడు, నేను అమ్మీకి ఫోనులో చెప్తాను. అమ్మీ దగ్గర గోడకి ఉర్దూ క్యాలెండరు ఉంది, విమానం ఉన్న రోజులకి పెన్నుతో సున్నాలు చుడుతుంది. మొన్న కూడా వరసగా చెప్పుకుంటూ వచ్చినాను.

“బుధవారం?” అంది.

“బుధవారం తీసేసినారు అమ్మీ. బదులు గురువారం పెట్టినారు.”

“ఠైర్, ఠైర్,” అంది. ఫోను పక్కన పెట్టి, చుట్టేసిన సున్నాలు కొట్టేస్తున్న పెన్ను చప్పుడు వినబడింది. నాలుగు బుధవారాలు కొట్టేసి, మళ్ళీ ఫోను తీసుకుని, “హౌ, ఇప్పుడు చెప్పు. గురువారం ఎన్ని గంటలకి?” అని అడిగింది.